రాంచ్ గుర్రాలు: శిక్షణ, సంరక్షణల చరిత్ర

పరిచయం

అమెరికా పశ్చిమ ప్రాంతం అనగానే మీకు సినిమాలో చూసిన కౌబాయ్ గుర్తుకు రావచ్చు. గుర్రం ఎగిరి తన్నుతుంటుంది, రౌతు దాని వీపు వదలడు. ఈ దృశ్యంలో కొంత నిజం ఉంది. అయితే గుర్రాన్ని లొంగదీయడానికి అంత తొందర ఎందుకు? అదే పనిని సంవత్సరాల తరబడి ఓపికగా చేసినవారు ఎవరు? ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు ఒక విషయాన్ని వివరించగలగాలి. రాంచ్‌లలో గుర్రానికి ఇచ్చిన శిక్షణ గుర్రం ధరను బట్టి, మనిషికి దొరికే సమయాన్ని బట్టి మారుతూ వచ్చింది. (రాంచ్ అంటే విశాలమైన గడ్డి మైదానాల్లో పశువులను పెంచే క్షేత్రం.)

మాటలే ఆధారాలు

స్పానిష్ వారు వచ్చే నాటికి అమెరికా ఖండాల్లో గుర్రాలు లేవు. అక్కడి పురాతన గుర్రపు జాతులు కొన్ని వేల సంవత్సరాల క్రితమే అంతరించిపోయాయి. 1519లో కోర్టెస్ మెక్సికో తీరంలో దిగినప్పుడు అతని వెంట 16 గుర్రాలు ఉన్నాయని, ఆ దండయాత్రలో పాల్గొన్న బెర్నాల్ డియాజ్ రాశాడు.

ఆ తరువాతి కథను మాటలు చెబుతాయి. రాంచ్ అనే మాట స్పానిష్ 'రాంచో' నుంచి వచ్చింది. పశువుల మెడకు విసిరే ఉచ్చుతాడు 'లారియట్'. దానికి మూలం 'లా రియాటా'. మచ్చిక కాని గుర్రాన్ని 'బ్రాంకో' అంటారు. స్వారీ గుర్రాల మంద పేరు 'రెముదా', అంటే మార్పిడి. ఇవన్నీ స్పానిష్ మాటలే. ఇంగ్లీషు మాట్లాడే కౌబాయ్ తన పనిని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వీటిని బట్టి మీరే ఊహించవచ్చు. మన భాషలోనూ ఇలాంటి సాక్ష్యం ఉంది. జీను, లగాము, సవారి అనే మాటలు పారసీకం నుంచి వచ్చాయి. వాటి వెనుక మధ్యయుగాల అశ్వదళాల చరిత్ర ఉంది.

కాలిఫోర్నియా: ఓపికతో నేర్పిన చదువు

కాలిఫోర్నియాలో స్పానిష్ మతప్రచార కేంద్రాలైన మిషన్లు 1769లో మొదలయ్యాయి. స్థానిక తెగలవారు గుర్రమెక్కకూడదని స్పానిష్ చట్టాలు నిషేధించాయి. కానీ వేలాది పశువులను కాయడానికి మనుషులు చాలలేదు. చివరకు మిషన్లే స్థానికులకు స్వారీ నేర్పాయి. 'వాకెరో'లనే పశుపాలకుల్లో ఎంతోమంది ఇలా తయారైనవారే.

వాకెరో పద్ధతిలో లేత గుర్రం నోట్లో మొదట ఇనుము పెట్టరు. పచ్చితోలుతో అల్లిన పట్టీని ముక్కు మీదుగా కడతారు. గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడు పగ్గంగా పనికివస్తుంది. గుర్రం తిరగడం, ఆగడం, వెనక్కి నడవడం ఈ పట్టీతోనే నేర్చుకుంటుంది. తరువాత కొంతకాలం ముక్కుపట్టీ, కళ్ళెం రెండూ ఉంటాయి. చివరకు కళ్ళెం ఒక్కటే మిగులుతుంది. ఇదంతా పూర్తికావడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది. అప్పటికి గుర్రం వేలి కదలికకే స్పందిస్తుంది.

టెక్సస్: తొందర వెనుక లెక్క

1865లో అంతర్యుద్ధం ముగిసే నాటికి టెక్సస్‌లో పశువులు లెక్కకు మించి ఉన్నాయి. వాటికి గిరాకీ ఉత్తరాదిన ఉంది. 1867లో కాన్సస్‌లోని ఆబిలీన్ రైల్వే స్టేషన్ పశువుల విక్రయ కేంద్రమయ్యాక, మందలను వందల మైళ్ళు నడిపించడం పెద్ద వ్యాపారంగా మారింది. మంద రోజుకు 10 నుంచి 15 మైళ్ళు నడిచేది. ప్రయాణానికి నెలలు పట్టేది.

ఈ వ్యాపారానికి ఒకేసారి ఎన్నో గుర్రాలు కావాలి. మైదానాల్లో తిరిగే గుర్రాలు చౌక. కౌబాయ్‌లలో ఎక్కువమంది ఆ ఒక్క కాలానికి కుదిరిన కూలీలు. అందుకే తలకు ఇంత అని కూలి ఇచ్చి గుర్రాలను లొంగదీయించేవారు. ఉచ్చు వేసి, కళ్ళకు గంతలు కట్టి, జీను బిగించి, అలసిపోయేదాకా ఎక్కి కూర్చోవడమే పద్ధతి. కొన్ని రోజుల్లో పని అయిపోయేది. గుర్రం కాలు విరిగినా, రౌతు పక్కటెముక విరిగినా నష్టం యజమానికి పెద్దది కాదు.

సంరక్షణ

అయినా సంరక్షణ విషయంలో అశ్రద్ధ చేస్తే మంద కదలదు. ఒక్కొక్క కౌబాయ్‌కి ఆరు నుంచి పది గుర్రాలు కేటాయించేవారు. ఇవి సాధారణంగా యజమానివి, జీను మాత్రం కౌబాయ్ సొంతం. దారిలో గుర్రాలు ప్రధానంగా గడ్డి మీదే బతికేవి. కాబట్టి ఒకే గుర్రం ప్రతిరోజూ బరువు పని చేయలేదు. మందలోంచి పశువును విడదీయడానికి ఒక గుర్రం, రాత్రి కాపలాకు ఒకటి, నది దాటడానికి ఒకటి అని పని పంచేవారు. 'రెముదా'కు మార్పిడి అన్న అర్థం ఎందుకో మీకు ఇప్పుడు తెలిసింది.

గుర్రాలను మేపి, నీళ్ళు పెట్టి, వేళకు తోలుకొచ్చే బాధ్యత 'రాంగ్లర్'ది. అతను తరచుగా జట్టులో అందరికంటే చిన్నవాడు, తక్కువ కూలివాడు. జీను కింద దుప్పటి ముడత పడితే వీపు పుండవుతుంది, గిట్టలో రాయి ఇరుక్కుంటే గుర్రం కుంటుతుంది. ఇలాంటివి కనిపెట్టుకుని ఉండకపోతే ఎంత మంచి గుర్రమైనా పనికిరాకుండా పోతుంది.

లెక్క మారిన తరువాత

1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంట్ పొందాడు. మైదానాలకు కంచెలు వచ్చాయి, రైలుమార్గాలు విస్తరించాయి. 1886-87 శీతాకాలంలో ఉత్తర మైదానాల్లో లక్షలాది పశువులు చనిపోయాయి. సుదీర్ఘ మందయాత్రల కాలం ముగిసింది. గుర్రాల సంఖ్య కంటే నాణ్యత ముఖ్యమైంది. 1853లో రిచర్డ్ కింగ్ దక్షిణ టెక్సస్‌లో ప్రారంభించిన కింగ్ రాంచ్ ఇందుకు ఉదాహరణ. అక్కడ మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా గుర్రాలను తీర్చిదిద్దాయి. 1940లో అమెరికన్ క్వార్టర్ హార్స్ సంఘం ఏర్పడింది. ఆ సంఘం రికార్డుల్లో మొదటి సంఖ్య పొందిన 'వింపీ' కింగ్ రాంచ్ గుర్రమే.

20వ శతాబ్ది ద్వితీయార్ధంలో టామ్ డోరెన్స్, రే హంట్ అనే పశ్చిమ ప్రాంత శిక్షకులు మృదువైన పద్ధతిని ప్రచారం చేశారు. గుర్రంపై కొద్దిపాటి ఒత్తిడి పెట్టి, అది సరైన దిశలో కదలగానే ఆ ఒత్తిడిని వదిలేయడం ఇందులో కీలకం. దీన్ని చాలామంది కొత్త ఆవిష్కరణ అనుకున్నారు. పైన చదివిన వాకెరో పద్ధతిని ఒకసారి గుర్తుచేసుకోండి.

ముగింపు

నేను ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఒక ప్రశ్న వచ్చేది: "సార్, మంచి పద్ధతి ముందే ఉంటే దాన్ని ఎందుకు వదిలేశారు?" ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. దాన్ని ఎరిగిన మెక్సికన్, స్థానిక తెగల శ్రామికుల పేర్లు పుస్తకాలకు ఎక్కలేదు, అంతే. వారు మిగిల్చిన ఆధారాల్లో ముఖ్యమైనవి వారి పనిముట్లు, వారి మాటలు. శ్రామికుల చరిత్ర రాయబోయే మీరు ముందుగా వెతకవలసింది అక్కడే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కాలిఫోర్నియా, టెక్సస్ శిక్షణ పద్ధతుల మధ్య తేడాకు ఆర్థిక కారణాలను వివరించండి.
2. 'రెముదా' ఏర్పాటు ఎందుకు అవసరమైంది?
3. మీ ప్రాంతంలో ఏదైనా ఒక వృత్తికి సంబంధించిన ఐదు మాటలను సేకరించి, అవి ఏ భాషల నుంచి వచ్చాయో పరిశీలించండి.