రాకేశ్ శర్మ పక్కన కూర్చున్న ఇంజినీరు

సోవియట్ వ్యోమనౌక సోయుజ్ టి-8, 1983 ఏప్రిల్ 20న బైకనూర్ నుంచి బయల్దేరింది. అందులో వ్లదీమిర్ తితోవ్, గెన్నాదీ స్త్రెకలోవ్, అలెగ్జాండర్ సెరెబ్రోవ్ ఉన్నారు. సల్యూత్-7 అంతరిక్ష కేంద్రానికి చేరి, అక్కడే ఉండి పనిచేయాలన్నది ఏర్పాటు. కానీ రాకెట్ ముక్కుకున్న తొడుగు ఊడిపోతూ నౌక రాడార్ యాంటెన్నాను కూడా పెరికేసింది. యాంటెన్నా విచ్చుకోలేదేమో అనుకుని వ్యోమగాములు నౌకను కుదిపి చూశారు. అసలది అక్కడ లేనే లేదు.

కేంద్రం ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో దాని దగ్గరికి పోతున్నాం అన్నవి రాడార్ చెప్పాల్సిన లెక్కలు. అవి లేకుండా, నేల మీది నుంచి వచ్చే అంచనాలను, పెరిస్కోపులో కనిపించే కేంద్రం పరిమాణాన్ని నమ్ముకుని తితోవ్ చేత్తోనే నౌకను నడిపారు. అంతలో భూమి నీడ కమ్మేసింది. వేగం మించిందని, ఢీకొంటామని తోచి, నౌకను కేంద్రం కిందుగా పోనిచ్చి తప్పించారు. ఆ చీకట్లో అంతకన్నా మంచి నిర్ణయం మరొకటి ఉందనిపించదు. మళ్లీ ప్రయత్నించేంత ఇంధనం మిగల్లేదు. 22న ముగ్గురూ నేలకు దిగారు.

కేంద్రానికి అదనపు సౌర ఫలకాలు బిగించే పని మిగిలిపోయింది. దానికోసం తితోవ్, స్త్రెకలోవ్ సెప్టెంబరు 26 రాత్రి మళ్లీ సోయుజ్ ఎక్కారు. ప్రయోగానికి నిమిషన్నర ముందు ఒక కవాటం మూసుకోక ఇంధనం కారి మంటలు లేచాయి. ప్రమాదంలో క్యాబిన్‌ను దూరంగా లాక్కుపోయి తప్పించే చిన్న రాకెట్‌ను లోపలున్నవాళ్లు పేల్చలేరు. నేల మీది నుంచి ఆదేశం రావాలి. ఆ ఆదేశం మోసే తీగలేమో కాలిపోయాయి. చివరికి ఇద్దరు ఆపరేటర్లు రేడియో ద్వారా ఆదేశం పంపారు. క్యాబిన్ ఎగిరిపోయిన రెండు సెకన్లకే రాకెట్ పేలింది. గురుత్వానికి 14 నుంచి 17 రెట్ల బలం మీదపడినా ఇద్దరూ ప్రాణాలతో నాలుగు కిలోమీటర్ల అవతల దిగారు. ఒంటికి దెబ్బలు తగిలాయి గానీ, ఎముకలు విరిగి పుత్తూరు కట్టు దాకా పోలేదు. వేదిక 20 గంటలు మండింది.

అప్పటికే సోవియట్ నౌకలో అంతరిక్షానికి వెళ్లేందుకు భారత పైలట్లు రాకేశ్ శర్మ, రవీష్ మల్హోత్రా మాస్కో దగ్గరి స్టార్ సిటీలో శిక్షణలో ఉన్నారు. పటియాలాలో పుట్టిన శర్మ చదువు హైదరాబాద్ సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో సాగింది. ఆయన నౌకకు ఇంజినీరుగా మొదట అనుకున్నది నికొలాయ్ రుకవిష్నికోవ్‌ను. సోయుజ్-10, సోయుజ్-33 రెండింట్లోనూ కేంద్రంలోకి అడుగుపెట్టలేకపోయిన మనిషాయన. ఆయన జబ్బుపడటంతో ఆ చోటు స్త్రెకలోవ్‌కు దక్కింది.

1984 ఏప్రిల్ 3న యూరీ మాలిషెవ్ నాయకత్వంలో సోయుజ్ టి-11 లేచింది. మర్నాడే సల్యూత్-7తో కలిసింది. ఏడాది కిందట అందని కేంద్రంలోకి స్త్రెకలోవ్ శర్మతో పాటు వెళ్లారు. ఏప్రిల్ 11న ముగ్గురూ దిగారు. భారత ప్రభుత్వం ముగ్గురికీ అశోక చక్ర ఇచ్చింది. మనవాళ్లు శర్మ పేరే గుర్తుంచుకోవడం సహజమే గానీ, ఆ ఎనిమిది రోజుల ప్రయాణానికి ముందు స్త్రెకలోవ్ పడ్డ పాట్లు తక్కువవి కావు.

బైకనూర్‌లో ఆ రాత్రి ఇద్దరిని కాపాడినటువంటి ఏర్పాటునే ఇస్రో 2018 జులై 5న శ్రీహరికోటలో పరీక్షించింది. మనుషుల్లేని 12.6 టన్నుల నమూనా వేదిక మీది నుంచి ఎగిరి, దాదాపు 2.7 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. మొత్తం 259 సెకన్ల పని. 2023 అక్టోబరు 21న టీవీ-డీ1 ప్రయోగంలో అదే ఏర్పాటును రాకెట్ గాల్లో ఉండగా పరీక్షించారు. సముద్రంలో పడిన క్యాబిన్‌ను నౌకాదళం వెలికితీసింది.