లే నాన్నా, తెల్లారింది

సరయూ నది దక్షిణపు గట్టు. నేల మీద గడ్డీ ఆకులూ పరిచిన పడక. పట్టుపరుపుల మీద తప్ప పడుకొని ఎరగని ఇద్దరు రాకుమారులు ఒళ్లు మరిచి నిద్రపోతున్నారు. పెద్దవాడికి ఇంకా పదహారేళ్లు నిండలేదు. ఇల్లు విడిచి ఒక్క రోజే అయింది. అలవాటు లేని నడక, అలవాటు లేని నేల. తూరుపు తెల్లవారుతోంది. వెంట ఉన్న ముని వాళ్లను లేపాలి.

విశ్వామిత్రుడు గద్దించలేదు, తట్టి లేపలేదు. ముందు పెద్దవాణ్ణి కౌసల్య కొడుకా అన్నట్టు తల్లి పేరు కలిపి పిలిచాడు. పొద్దు పొడుస్తోందని చెప్పాడు. లేచి ఆ పూట చేసుకోవలసిన పనులు ఉన్నాయని గుర్తు చేశాడు. వాల్మీకి రామాయణం బాలకాండ 23వ సర్గ మొదట్లో ఒక్క శ్లోకంలో ఈ మూడూ ఇమిడిపోయాయి. అన్నదమ్ములు లేచారు, స్నానం చేశారు, జపం ముగించారు, మునికి మొక్కి ప్రయాణానికి సిద్ధంగా నిలబడ్డారు. లేవడం వేరు, లేచాక దినచర్య వేరు అన్న తేడా ఆ ఘట్టంలో ఎక్కడా కనిపించదు.

15వ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ శ్రీవేంకటేశ్వర సుప్రభాతం కూర్చినప్పుడు ఆ శ్లోకాన్నే తెచ్చి మొదట పెట్టాడు. తన 29 శ్లోకాల సుప్రభాతానికి అదే గడప. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డు వచ్చాక అది ఇంటింటి వేకువ చప్పుడైపోయింది. వేంకటేశ్వరుణ్ణి లేపుతున్నామనుకుంటూ వినే ఆ తొలి మాటలు అసలు ఒక పిల్లవాణ్ణి నిద్ర లేపడానికి పుట్టినవి. దేవుడి మేలుకొలుపు పిల్లవాడి మేలుకొలుపు నుంచి వచ్చిందన్నది మనం తరచూ మరిచిపోయే సంగతి.

తెలుగువాళ్లు ఈ పనికి ఒక పాట జాతినే పెంచుకున్నారు. మేలుకొలుపు అనే పేరే పెట్టారు. తాళ్లపాక అన్నమయ్య (1408–1503) స్వామిని మేలుకొలుపుతూ సంకీర్తనలు కట్టాడు. తిరుమలలో సుప్రభాత వేళ తాళ్లపాక వంశీకులు మేలుకొలుపు పాడే ఆచారం ఇప్పటికీ ఉంది. త్యాగరాజు బౌళి రాగంలో రాముణ్ణి లేపాడు. బౌళి, భూపాలం అంటే సంగీతం తెలిసినవాళ్లకు వేకువ రాగాలే. ధనుర్మాసం వచ్చిందంటే తిరుమలలో సుప్రభాతం బదులు గోదాదేవి తిరుప్పావై వినిపిస్తుంది. అందులోని 30 పాశురాల్లో ఆరు నుంచి పదిహేను దాకా పది పాశురాలూ చెలికత్తెలను నిద్ర లేపేవే. ముందు లేచిన ఆడపిల్లలు ఒక్కో ఇంటి వాకిట్లో నిలబడి పిట్టలు కూశాయనీ, పెరుగు చిలికే చప్పుడు వినబడలేదా అనీ లోపలి పిల్లను పిలుస్తారు, మేలమాడతారు, బతిమాలతారు. పిల్లలను పిల్లలే లేపుకొనే ఇంత ముచ్చటైన వరుస మరోచోట దొరకడం కష్టం.

ఊళ్లలో పిల్లవాడి నిద్రను ఎవరో ఒకరు పనిగట్టుకొని ఆపేవారు కాదు. కోడి కూసేది. వాకిట్లో కళ్లాపి చల్లిన చప్పుడు, పశువుల మెడగంటలు, చల్ల చిలికే కవ్వం, సంక్రాంతి నెలలో అయితే హరిదాసు చిడతలు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి, తక్కువ నుంచి ఎక్కువకు, చీకటి పలచబడుతున్నకొద్దీ చెవిన పడేవి. చివర్లో అమ్మ పిలుపు వచ్చేసరికి నిద్ర సగం తేలిపోయి ఉండేది.

అలాగని పాతకాలమంతా మెత్తగా గడిచిందనుకుంటే పొరపాటు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల వివరాలు అడిగితే, 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ ఒక నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెల్ ఈయనే. జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగు బడులని రాశాడు. బడి తెరిచే వేళ మామూలుగా ఉదయం ఆరు గంటలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో మెప్పుగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ.

ఆ లెక్కన పదో పిల్లవాడికి ఎనిమిది దెబ్బలు. ఈ పద్ధతిలో ఉన్న అన్యాయం కొంచెం ఆగి చూస్తే తెలుస్తుంది. పిల్లలంతా ఆరింటికల్లా వచ్చేసినా మూడోవాడు ఒకడు ఉండక తప్పదు, వాడికి దెబ్బా తప్పదు. అంటే ఇది వేళకు రావడం గురించిన నియమం కాదు, పక్కింటివాడి కంటే ముందు రావడం గురించిన పందెం. అరచేతిలో సరస్వతి పేరుతో ఇంటికొచ్చిన పిల్లవాడి సంబరమూ నిజమే, మర్నాడు ఆ పేరు దక్కదేమోనని చీకట్లోనే ఉలిక్కిపడి లేచిన పిల్లవాడి బెదురూ నిజమే. ఇంటి వేకువలోకి బడి గంట అడుగుపెట్టింది ఈ దారినే.

సరిగ్గా ఆ రోజుల్లో ఇంగ్లండులో మిల్లులు ఇంతకంటే ఘోరమైన వేకువలను తెచ్చిపెట్టాయి. 1832లో పార్లమెంటు వేసిన సాడ్లర్ కమిటీ ముందు శామ్యూల్ కూల్సన్ అనే తండ్రి సాక్ష్యం చెప్పాడు. పని జోరుగా ఉన్న వారాల్లో తన ఆడపిల్లలు తెల్లవారుజాము మూడింటికి మిల్లుకు వెళ్లి రాత్రి పదింటి దాకా పనిచేసేవారట. పొద్దున వాళ్లను లేపడం ఎలా అని అడిగితే, నిద్రలోనే ఎత్తుకొచ్చి నేల మీద నిలబెట్టి, కుదిపి కుదిపి బట్టలు తొడిగేవాళ్లమన్నాడు. మరుసటి ఏడు వచ్చిన చట్టం బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు పని వద్దంది, పదమూడు లోపువాళ్లకు రోజుకు తొమ్మిది గంటలు మించకూడదంది. పిల్లల నిద్ర చట్టం దృష్టికి వచ్చిన తొలి సందర్భాల్లో అదొకటి.

మిల్లు కార్మికులను లేపడానికి ఇంగ్లండులో మనుషులే ఉండేవారు. పొడవాటి కర్రతో మేడ మీది కిటికీ తట్టి, లోపలివాళ్లు లేచారని తెలిశాకే కదిలేవారు. లండన్ తూర్పు పేటలో మేరీ స్మిత్ అనే ఆమె గొట్టంతో ఎండు బఠాణీలు ఊది కిటికీ అద్దాలకు కొట్టేది. వారానికి ఆరు పెన్నీల కూలి. ఈ పనివాళ్లను క్రమంగా ఇంటికి పంపించేసింది అలారం గడియారం. అమెరికాలోని కాంకర్డ్ ఊళ్లో లెవీ హచిన్స్ 1787లో తన కోసం చేసుకున్నది తెల్లవారుజాము నాలుగింటికి తప్ప మరో వేళకు మోగేది కాదు. కోరుకున్న వేళకు పెట్టుకొనే అలారానికి 1847లో ఫ్రాన్సులో అంత్వాన్ రెడియే పేటెంటు తీసుకున్నాడు. 1876లో అమెరికాలో సెత్ థామస్ మంచం పక్కన పెట్టుకొనే కీ గడియారానికి పేటెంటు పొందాడు. మరో ఐదు నిమిషాలంటూ మళ్లీ పడుకోబెట్టే స్నూజ్ మీట 1956 నాటిది.

తెలుగిళ్లలో ఆ గడియారం టైంపీసుగా స్థిరపడింది. రాత్రి పడుకోబోయే ముందు నాన్న కీ ఇవ్వడం, గూట్లో పెట్టడం, మోగగానే అమ్మ లేచి నొక్కెయ్యడం. చాలా ఇళ్లలో టైంపీసు లేపింది అమ్మను, పిల్లలను లేపింది అమ్మే. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక ఆ వరుసలో రేడియో వచ్చి చేరింది. కేంద్రం తెరుచుకొనే సంకేత సంగీతం, ఆ వెనక భక్తిరంజని. ఏ పాట వస్తుంటే పళ్లు తోముకోవాలో, ఏ వార్తలకు పలక సర్దుకోవాలో పిల్లలకు గడియారం చూడకుండానే తెలిసేది. చదవడం రాని పసివాడికి దినచర్య నేర్పడానికి అంతకంటే సులువైన పనిముట్టు లేదు, ఎందుకంటే వాడికి అంకె కంటే పాట ముందు తెలుస్తుంది.

గడియారంలోనూ ఒక మెలిక ఉంది. 1906లో దేశమంతటికీ ఒకే వేళ నిర్ణయించారు. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దాపునే వెళుతుంది. పడమటికి పోయేకొద్దీ అదే గడియారం ప్రకారం పొద్దు ఆలస్యంగా గూకుతుంది. ఆర్థికశాస్త్రవేత్త మౌలిక్ జగ్నానీ భారతీయ పిల్లల నిద్ర లెక్కలు తీసి చూస్తే, సూర్యాస్తమయం ఒక గంట వెనక్కి జరిగిన చోట పిల్లల నిద్ర దాదాపు అరగంట తగ్గిందని తేలింది. చీకటి పడేదాకా పిల్లవాడు పడుకోడు. బడి గంట మాత్రం అక్కడా అదే వేళకు మోగుతుంది. మధ్యలో నలిగేది నిద్ర. పొద్దున లేవనివాణ్ణి బద్ధకస్తుడనడానికి ముందు ఈ లెక్క గుర్తుకు తెచ్చుకోవాలి.

నిద్రలో ఏం జరుగుతుందో తెలియడానికీ ఒక పిల్లవాడే కారణం. 1950ల మొదట్లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజిన్ అజరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి తన ఎనిమిదేళ్ల కొడుకు ఆర్మండ్ కళ్ల దగ్గర తీగలు అతికించి, రాత్రంతా యంత్రం ముందు కూర్చున్నాడు. నిద్రపోతున్న పిల్లవాడి రెప్పల కింద కళ్లు చురుగ్గా కదులుతున్నాయని కాగితం మీది గీతలు చెప్పాయి. 1953లో తన గురువు నథానియల్ క్లైట్‌మన్‌తో కలిసి ఆ సంగతి ప్రకటించాడు. కలల నిద్ర అనే అంచె ఉందని లోకానికి తెలిసింది అలా. నిద్ర ఒకే ముద్ద కాదు. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ, కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. పసివాళ్లలో గాఢనిద్ర పెద్దవాళ్ల కంటే ఎక్కువ. ఆలస్యంగా పడుకున్న పిల్లవాణ్ణి బడి కోసం లాగి కూర్చోబెడితే వాడి శరీరం ఇంకా తన రాత్రి ముగించి ఉండదు. ఆ మొరాయింపు, ఏడుపు, చొక్కా గుండీ పెట్టుకోలేని తికమక మొండితనం కాదు, నిద్రమత్తు.

2016లో అమెరికా నిద్రవైద్యుల సంఘం చెప్పిన లెక్కలో, పగటి కునుకుతో కలిపి మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు 10–13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్లవాళ్లకు 9–12 గంటల నిద్ర కావాలి. ఏడుంపావుకు బడి బస్సు వచ్చే ఇంట్లో ఆరింటికి లేవాలి. అంటే ఒకటో తరగతి పిల్లకు ఎంత తక్కువన్నా రాత్రి తొమ్మిదికల్లా కన్ను మూతపడి ఉండాలి. నాన్న ఆఫీసు నుంచి ఎనిమిదిన్నరకు వచ్చి, అందరూ తొమ్మిదికి అన్నానికి కూర్చొనే ఇళ్లలో ఇది చిన్న మార్పు కాదు. పిల్లల అన్నం ఏడున్నరకే పెట్టేసి, నాన్నకు పొద్దుటి పూట అప్పగించిన ఇళ్లు ఉన్నాయి. అది మంచి బేరం.

2009లో జోడీ మిండెల్ అనే మనస్తత్వవేత్త బృందం చిన్నపిల్లలున్న 405 మంది తల్లులతో మూడు వారాల పాటు ఒక పరిశీలన చేసింది. వాళ్లలో కొందరు రోజూ రాత్రి ఒకే వరుస పాటించారు. స్నానం, ఒంటికి మర్దన, ఆ తర్వాత ఒడిలో పెట్టుకోవడమో జోల పాడడమో, దీపం ఆర్పడం. పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి లేవడం తగ్గింది, తల్లుల మనసూ తేలికపడింది. ఈ వరుస తెలుగు అమ్మమ్మలకు కొత్తదా? నూనె, నలుగు, వేడినీళ్లు, సాంబ్రాణి పొగ, ఉయ్యాల, జోల. చంటిబిడ్డకు ఇంత శ్రద్ధగా చేసేవాళ్లం, చాలా ఇళ్లలో వాడికి మూడేళ్లు రాగానే మానేస్తాం. ఆ వయసుకు తగ్గట్టు కాస్త మార్చుకుంటే చాలు. యూనిఫాం కుర్చీ మీద పెట్టడం, సంచీ సర్దుకోవడం, ఒక కథ, మసక దీపం. పొద్దున మొదట చేయవలసింది కిటికీ తెరవడం, ఎందుకంటే వెలుగు కంటికి తగిలితే నిద్ర తెచ్చే మెలటోనిన్ వెనక్కి తగ్గుతుంది.

బడి గంటను జరిపే ప్రయత్నాలూ మొదలయ్యాయి. కాలిఫోర్నియా 2019లో చేసిన చట్టం ప్రకారం అక్కడి హైస్కూళ్లు 2022 నుంచి ఎనిమిదిన్నరకు ముందు తెరవకూడదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో నాలుగో తరగతి దాకా బడులు తొమ్మిదికి ముందు మొదలుపెట్టవద్దని ఆదేశించింది. మన రాష్ట్రాల్లో ఎండాకాలం ఒంటిపూట బడులు వస్తే గంట ముందుకు జరుగుతుంది. ఎండ నుంచి పిల్లలను కాపాడడానికి అది అవసరమే. కానీ ఆ నెలల్లో రాత్రి పడక కూడా ముందుకు జరగాలని ఇంటికి గుర్తు చేసేవాళ్లు ఉండరు.

ఇక గడియారం మోతకూ మనిషి గొంతుకూ తేడా ఎంతో ఒకచోట కొలిచి చూశారు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఇంట్లో మంటలు రేగితే మోగే పొగ అలారాన్ని 5–12 ఏళ్ల పిల్లలు 176 మంది మీద పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. మామూలు కీచుమోతకు గాఢనిద్రలోంచి లేచింది నూటికి 53 మంది. తల్లి గొంతు రికార్డు చేసిన అలారానికి దాదాపు 90 మంది లేచారు. లేచి గది బయటికి రావడానికి కీచుమోత విన్న పిల్లలకు సగటున ఐదు నిమిషాల దాకా పడితే, తల్లి గొంతు విన్నవాళ్లకు 18 నుంచి 28 సెకన్లు చాలాయి. గొంతులో పేరు పిలిచినా పిలవకున్నా పెద్ద తేడా రాలేదు, అమ్మ గొంతు అయితే చాలు. ఆ తల్లుల చేత రికార్డు చేయించిన మాటలు చాలా తక్కువ. పిల్ల పేరు రెండుసార్లు, లే అని, గదిలోంచి బయటికి రా అని.