కాన్పూరు తుక్కులోంచి లేచిన బాంబర్లు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి కాన్పూరు దగ్గర చకేరీ వైమానిక స్థావరంలో లిబరేటర్ బాంబర్లు పదుల సంఖ్యలో పోగుపడ్డాయి. లెండ్-లీజ్ ఒప్పందం కింద అమెరికా బ్రిటన్‌కు ఇచ్చిన విమానాలవి. యుద్ధమయ్యాక తిరిగి అప్పగించాలి, లేదంటే ఎవరికీ పనికిరాకుండా చెయ్యాలి. బ్రిటిష్ వైమానిక దళం రెండో పనే చేసింది. మీటర్లు పగలగొట్టారు, రేకులు చీల్చారు, ఇంజన్లలో ఇసుక పోశారు. ఆ తుక్కును అక్కడే వదిలి వెళ్లిపోయారు.

1948లో కాశ్మీరులో యుద్ధం నడుస్తోంది. మన వైమానిక దళం చేతిలో భారీ బాంబర్ ఒక్కటీ లేదు. అప్పుడు ఆ తుక్కును బాగుచేసే పనికి బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పూనుకుంది.

అది గుడ్డి ధైర్యం కాదు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వంతో కలిసి స్థాపించిన ఆ కర్మాగారం 1943 నుంచి అమెరికా సైన్యం అజమాయిషీలో మరమ్మతుల కేంద్రంగా నడిచింది. డకోటా, కాటలీనా విమానాలు అక్కడి షెడ్లలోకి వచ్చి, విప్పి బిగించుకుని, మళ్లీ ఎగిరి వెళ్లాయి. మన మెకానిక్కులకు అదే బడి అయింది.

అయినా లిబరేటర్ అంటే మాటలు కాదు. ఒక్కో విమానానికి నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కు 14 సిలిండర్లు, సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు. అంటే విమానానికి 56 సిలిండర్లు, 112 ప్లగ్గులు. ఆయిల్ దారిలో ఇసుక రేణువులు మిగిలిపోతే బేరింగులు గీసుకుపోతాయి, ఇంజన్ గాలిలోనే పట్టేస్తుంది. అందుకే విప్పాలి, కడగాలి, కొలవాలి, మళ్లీ బిగించాలి. ఒక విమానంలో పాడైన భాగానికి బదులు పక్క విమానం నుంచి తెచ్చి వెయ్యాలి. ఈ ఓపికకు పతకాలివ్వడం ఏ సైన్యానికీ అలవాటు లేదు.

కాన్పూరులో చేసింది సగం పనే. బెంగళూరు దాకా, సుమారు 1,500 కిలోమీటర్లు, ఒక్కసారి ఎగరగలిగితే చాలన్నంత మేరకు సిద్ధం చేసేవారు. వాటిని నడిపి తీసుకెళ్లినవాడు టెస్ట్ పైలట్ జిమ్మీ మున్షీ. ఆయన సాహసం గొప్పదే. కానీ ఆయన తన ప్రాణాన్ని అప్పగించింది కింద నిలబడ్డ ఫిట్టర్ల చేతులకు. అసలు ఓవర్‌హాల్ బెంగళూరులో జరిగేది.

1948 నవంబరులో ఈ విమానాలతోనే 5వ స్క్వాడ్రన్ ఏర్పడింది. మొత్తం మీద 40 దాకా లిబరేటర్లు ప్రాణం పోసుకున్నాయి. అమెరికాలో వీటి తయారీ 1945లోనే ఆగిపోయింది, కాబట్టి కొత్త విడిభాగాలపై ఆశ లేదు. అయినా మన గ్రౌండ్ సిబ్బంది 1968 చివరిదాకా వాటిని ఎగిరేలా ఉంచారు. సముద్రం మీద గస్తీ తిరుగుతూ 6వ స్క్వాడ్రన్‌లో అవి ఆఖరి రోజులు గడిపాయి.

బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియంలో ఇప్పుడున్న లిబరేటర్ 1974లో మన దేశం నుంచి వెళ్లిందే. మున్షీ పేరు పుస్తకాల్లో నిలిచింది, ఇంజన్లలో ఇసుక కడిగినవాళ్లలో చాలామంది పేర్లు మాత్రం బయటికి రాలేదు. ఆ రోజుల్లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లోనో వైమానిక దళంలోనో పనిచేసిన తాతల డైరీలు, ఫొటోలు, సర్వీసు కాగితాలు ఇంట్లో ఉంటే దయచేసి పారెయ్యకండి. వాటిని స్కాన్ చేయించి, పేరూ ఊరూ రాసి భద్రపరచండి.