బ్రష్ చేరని మూల

వైద్యచరిత్ర గ్రంథాలు ఎండోస్కోప్‌ను గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా దాని చూపును గురించే చెబుతాయి. గాజు పోగుల కట్ట గుండా బొమ్మను వంకర దారిలోనూ పంపవచ్చునని 1954లో లండన్ నుంచి హాప్కిన్స్, కపానీలు 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అది చదివిన బేసిల్ హిర్షోవిట్జ్, మిషిగన్ విశ్వవిద్యాలయంలో కర్టిస్ అనే విద్యార్థి రూపొందించిన పోగులతో వంగే గొట్టాన్ని సిద్ధం చేయించి, 1957లో ముందుగా తానే మింగి చూశాడు. ఉత్కంఠగా చదివించే కథ ఇది. పంజాబులో పుట్టిన కపానీ అందులో ఉండడం భారతీయ పాఠకుడికి అదనపు సంతోషం.

అయితే ఒక రోగి కడుపులోనుంచి తీసిన గొట్టాన్ని మరొక రోగికి వాడేలోగా ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ పుటల్లో చోటు తక్కువ.

కత్తులను, కత్తెరలను మరిగించవచ్చు. గాజు పోగులు, కటకాలు, జిగురు, రబ్బరు కలిసిన ఈ గొట్టం ఆ వేడికి నిలవదు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు ఎర్ల్ స్పాల్డింగ్ 1968లో వైద్య పరికరాలను మూడు తరగతులుగా విభజించాడు. శరీరంలోని శుద్ధ భాగాల్లోకి వెళ్ళేవాటి మీద ఒక్క సూక్ష్మజీవి కూడా మిగలరాదు; చర్మాన్ని మాత్రమే తాకేవాటికి మామూలు శుభ్రత చాలు; శ్లేష్మపొరలను తాకేవి ఈ రెంటికీ మధ్యవి. ఎండోస్కోప్ ఆ మధ్య తరగతిలో చేరింది. గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో నానబెట్టడం ఆనవాయితీ అయింది.

ఆ ద్రావణానికి ఒక విచిత్ర గుణం ఉంది. అది మాంసకృత్తులను ఉన్నచోటనే బిగించివేస్తుంది. సూక్ష్మదర్శిని కోసం కణజాలాన్ని చెడకుండా ఉంచేది అందుకే. కనుక వెంటనే కడిగి, లోపలి సన్నని కాలువలను బ్రష్‌తో తోమకుండా ముంచితే, మురికి పోకపోగా గొట్టానికే అతుక్కుపోతుంది. అసలు శుద్ధి తోమడంలోనే ఉంది. తోమే మనిషికి దక్కినవి మాత్రం ఆ ఆవిర్ల వల్ల కళ్ళమంట, కొందరికి ఉబ్బసం. చరిత్రలో ఆ మనిషికి పేరు లేదు.

పిత్తనాళాన్ని చేరడానికి వాడే డ్యూడినోస్కోప్ చివర తీగను ఎత్తి వంచే చిన్న మీట ఉంటుంది. దాని వెనుక సందులోకి బ్రష్ సరిగా వెళ్ళదు. 2012 నుంచి 2015 వసంతకాలం వరకు ప్రపంచవ్యాప్తంగా 25 ఘటనల్లో కనీసం 250 మంది రోగులకు ఈ గొట్టాల ద్వారా మందులకు లొంగని బ్యాక్టీరియా సోకినట్లు అమెరికా సెనేట్ నివేదిక ఒకటి 2016 జనవరిలో లెక్క తేల్చింది. ఇటువంటి వేళ వేలు ముందుగా చూపేది కడిగినవారి వైపే. కానీ తయారీదారుల సూచనలను తు.చ. తప్పక పాటించినచోట కూడా బ్యాక్టీరియా మిగిలింది. పరికరం నిర్మాణమే శుద్ధికి అడ్డుపడవచ్చునని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2015 ఫిబ్రవరిలో హెచ్చరించింది. దోషం తోమిన చేతిది కాదు, తోమేవారిని తలచుకోకుండా గీసిన నమూనాది.

చివరి మూతనో, ఆ కొస భాగాన్నో ఒకసారి వాడి పారవేసే నమూనాలకు మారవలసిందని అదే సంస్థ 2019 ఆగస్టులో ఆసుపత్రులకు సూచించింది. హిర్షోవిట్జ్ గొట్టాన్ని మింగి అప్పటికి అరవై రెండేళ్ళు.