దీపం పట్టుకుని చేసే ప్రమాణం

మన నర్సింగ్ కాలేజీల్లో ఇవాళ్టికీ ఒక వేడుక జరుగుతుంది. తెల్ల యూనిఫాం వేసుకున్న విద్యార్థులు వెలిగించిన దీపాలు చేతబట్టుకుని ‘నైటింగేల్ ప్రమాణం’ చదువుతారు. తమాషా ఏమిటంటే, అది ఫ్లారెన్స్ నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డిట్రాయిట్‌లో, ఒక నర్సింగ్ స్కూలు కోసం లిస్ట్రా గ్రెటర్ అధ్వర్యంలో ఒక కమిటీ తయారుచేసింది. వైద్యులు చేసే హిప్పోక్రటిస్ ప్రమాణమే దానికి నమూనా. గౌరవంగా నైటింగేల్ పేరు పెట్టారంతే.

ఆ తొలి ప్రమాణంలో రెండు మాటలున్నాయి. హాని చేసే మందు తెలిసి తెలిసి ఇవ్వనని ఒకటి. డాక్టరు పనిలో విధేయంగా సాయపడతానని ఇంకొకటి. రెండూ మంచివే. మరి డాక్టరే హాని చేసే మందు ఇమ్మంటే?

1966లో అచ్చయిన ఒక ప్రయోగం సరిగ్గా ఇక్కడే వేలు పెట్టింది. చార్లెస్ హోఫ్లింగ్ అనే మనోవైద్యుడి బృందం, అమెరికా ఆసుపత్రుల్లో డ్యూటీలో ఉన్న 22 మంది నర్సులకు ఫోన్ చేయించింది. ముక్కూమొహం తెలియని ఒకాయన తాను డాక్టర్నని చెప్పి, ఫలానా రోగికి ‘ఆస్ట్రోటెన్’ 20 మిల్లీగ్రాములు ఇమ్మన్నాడు. రోజుకు 10 మించకూడదని డబ్బా మీదే రాసుంది. ఫోన్ ఆర్డరు మీద మందివ్వడం నియమాలకు విరుద్ధం కూడా. అయినా 21 మంది మందు తీసుకుని బయల్దేరారు. మధ్యలో ఆపి అసలు విషయం చెప్పారు. అవి ఉత్తుత్తి మాత్రలే. ఇదే పరిస్థితిని కాగితం మీద రాసి వేరే నర్సుల్ని, విద్యార్థినుల్ని అడిగితే, దాదాపు అందరూ ‘మేమైతే ఇవ్వం’ అన్నారు.

ఆ 21 మందిని తప్పుపట్టడం తేలికే. కానీ డాక్టరు మాటకు ఎదురు చెప్పకపోవడమే క్రమశిక్షణ అని నేర్పిన రోజులవి. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో చేసుకున్న నియమావళి కూడా అనైతికమైన పనులకు ఒప్పుకోవద్దంటూనే, డాక్టరు ఆదేశాలను విధేయంగా పాటించాలంది. 1973లో దాన్ని తిరగరాశారు. నర్సు మొదటి బాధ్యత, సేవ అవసరమైన మనుషుల పట్ల అని తేల్చారు.

1977లో ఇలాంటి ప్రయోగమే ఇంకొకటి వచ్చింది. ఈసారి నర్సులకు బాగా తెలిసిన మందు, పైగా పక్కనున్నవాళ్లను అడిగే వీలుంది. 18 మందిలో ఇవ్వడానికి సిద్ధపడింది ఇద్దరే.

ఈ తేడా చూశాక నాకు అనిపించేది ఒకటే. నైతికతను మనం ఒంటరి మనిషి ధైర్యంగా ఊహించుకుంటాం. వార్డులో మాత్రం దానికి కావలసింది మందు గురించిన తెలివిడి, ‘ఈ డోసు సరైందేనా అక్కా?’ అని అడిగితే కసురుకోని ఒక సీనియరు. దీపం పట్టించిన రోజునే ఆ అడగడం కూడా నేర్పాలి.