ఎఫ్‌పీఎస్‌కి తాళం ఎందుకు వేశారు? పాత గేముల గడియారం కథ

ఫోన్ కొనేటప్పుడు మనం మొదట ఏం అడుగుతాం? 90 హెర్ట్జా, 120 హెర్ట్జా అని. గేమ్‌లో అయితే ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు స్క్రీన్ మీద ఎన్ని బొమ్మలు పడుతున్నాయన్న లెక్క. అది ఎంత పెరిగితే అంత గొప్ప అనుకుంటాం. మరి కొన్ని పాత కంప్యూటర్ గేముల్లో, వాటిని తయారుచేసినవాళ్ళే "ఇంతకు మించి వద్దు" అని తాళం ఎందుకు వేశారు? పిసినారితనమా? కాదండీ. ఆ తాళం తీస్తే ఆటే చెడిపోతుంది. ఎలాగో చూద్దాం.

పాత మూకీ సినిమాల క్లిప్పుల్లో మనుషులు గబగబా పరిగెత్తినట్టు నడుస్తుంటారు, గమనించారా? చేత్తో తిప్పే కెమెరాతో సెకనుకు 16, 18 బొమ్మల చొప్పున తీసినదాన్ని 24 చొప్పున వేస్తే అలాగే ఉంటుంది. అక్కడ బొమ్మే గడియారం. పాత గేముల్లో కూడా సరిగ్గా ఇదే జరిగింది.

1978. జపాన్‌లో టైటో కంపెనీ కోసం టొమోహిరో నిషికాడో 'స్పేస్ ఇన్వేడర్స్' తయారుచేశారు. లోపల ఉన్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్, స్క్రీన్ మీద 55 మంది శత్రువులు. అంతమందిని గీయడానికి ఆ ప్రాసెసర్‌కి ఊపిరాడేది కాదు, అందుకే వాళ్ళు మెల్లగా కదిలేవాళ్ళు. మనం కాల్చేకొద్దీ దానికి పని తగ్గి, మిగిలినవాళ్ళు వేగం పుంజుకునేవాళ్ళు. నిషికాడో దాన్ని సరిచేయలేదు, అలాగే ఉంచేశారు. ఆటలో అసలు టెన్షన్ అదే కదా మరి!

తర్వాత 1981లో ఐబీఎం పీసీ వచ్చింది. వేగం 4.77 మెగాహెర్ట్జ్. చాలా గేములు ఆ ఒక్క వేగాన్నే నమ్ముకుని రాశారు. ఒక్కో చుట్టుకి కారు ఒక్కో అడుగు కదలాలి, అంతే లెక్క. కొత్త కంప్యూటర్లు రెట్టింపు వేగంతో వచ్చేసరికి కారు కూడా రెట్టింపు వేగంతో దూసుకెళ్ళి గోడకి గుద్దుకునేది. అందుకే అప్పటి కంప్యూటర్ల మీద 'టర్బో' అని ఒక బటన్ ఉండేది. పేరు చూసి మోసపోకండి. దాని అసలు అవసరం వేగం పెంచడానికి కాదు, టర్బో ఆపి పాత ప్రోగ్రాముల కోసం కంప్యూటర్‌ని నెమ్మది చేయడానికి!

1993 డిసెంబర్‌లో 'డూమ్' వచ్చింది. ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు తెలివైన పని చేశారు. ఆట లోపలి గడియారం సెకనుకు 35 సార్లే కొట్టుకునేలా పెట్టారు. అప్పటి మానిటర్ ఆ మోడ్‌లో సెకనుకు 70 సార్లు బొమ్మ మార్చేది, దాంట్లో సగం అన్నమాట. కంప్యూటర్ ఎంత ఖరీదైనదైనా రాక్షసుడు అదే వేగంతో నడుస్తాడు.

అదే కంపెనీ 1999లో తెచ్చిన 'క్వేక్ 3 అరేనా'లో ఇంకో తమాషా బయటపడింది. ఎఫ్‌పీఎస్ 125 దగ్గర పెడితే ఎక్కువ ఎత్తుకి ఎగరొచ్చు! కారణం చిన్న లెక్క. 125 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్ 8 మిల్లీసెకన్లు. ఆ కాస్త టైంలో భూమ్యాకర్షణ మన వేగాన్ని 6.4 తగ్గించాలి. కానీ గేమ్ దశాంశాలు వదిలేసి 6 మాత్రమే తగ్గించేది. ఫ్రేమ్ ఫ్రేముకీ ఆ 0.4 మిగులుతూ పోతే జంప్ పెరుగుతుంది. ఇప్పుడు ఆలోచించండి. ఇద్దరు స్నేహితులు పోటీ పడుతున్నారు, ఒకడి దగ్గర మంచి కంప్యూటర్, ఇంకొకడి దగ్గర పాతది. ఎత్తైన గట్టు మీదకి ఒకడు ఎక్కగలడు, రెండోవాడు ఎక్కలేడు. ఓడిపోయింది ఆట రాక కాదు, డబ్బు లేక. దీనికే తర్వాత, అందరికీ ఒకే లెక్క నడిపే సెట్టింగ్ ఒకటి ఇచ్చారు.

ఇక మన నెట్ సెంటర్ల రోజులకి వద్దాం. 2005లో పీసీకి వచ్చిన 'జీటీఏ శాన్ ఆండ్రియాస్' గుర్తుందా? దాని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'ఫ్రేమ్ లిమిటర్' అని ఉండేది. అది ఆఫ్ చేస్తే బొమ్మ నున్నగా అయ్యేది, నిజమే. కానీ నీళ్ళలో దిగితే హీరో ఈత నత్తనడక అయ్యేది. కారణం తెలియక 'ఈ గేమ్‌లో బగ్గులు' అని తిట్టుకున్నవాళ్ళు ఎందరో. తప్పు గేమ్‌ది సగం, తాళం తీసిన మనది సగం.

మరి దీనికి విరుగుడు లేదా? ఉంది. ఆట లెక్క వేరు, బొమ్మ గీయడం వేరు అని విడదీయాలి. డూమ్ సోర్స్ కోడ్‌ని 1997లో బయటపెట్టారు. దాన్ని తీసుకుని అభిమానులు చేసిన కొత్త వెర్షన్లలో కొన్ని ఈ పనే చేస్తాయి. లెక్క పాత 35 దగ్గరే ఉంటుంది, మధ్యలో ఖాళీ నింపే బొమ్మలు మాత్రం 120 వరకు గీసుకోవచ్చు. కొత్త స్క్రీన్, పాత గుండె.

కాబట్టి ఈసారి పాత గేమ్ ఏదైనా ఆడుతుంటే వింతగా ప్రవర్తిస్తే వెంటనే డిలీట్ చేయకండి. ముందు ఎఫ్‌పీఎస్‌ని అది పుట్టిన రోజుల లెక్కకి దించి చూడండి. చాలాసార్లు చెడిపోయింది ఆట కాదు, దాని గడియారాన్ని మనమే తిప్పేశాం.