పెన్‌గంగ బండపై మంచు వ్రాత

రాజుల చరిత్రకు శాసనములు సాక్ష్యము. రాజులు పుట్టక పూర్వపు చరిత్రకు రాళ్లే సాక్ష్యము. మన తెలుగునేల యుత్తరపుటంచున నొకప్పుడు మంచుగడ్డలు కదలినవని నేను చెప్పినచో మీరు నవ్వవచ్చును. వైశాఖమున మా మనూరు బండలపై కాలు మోపజాలనివారము గదా! అయినను ఆ మంచు విడిచిపోయిన వ్రాత కలదు.

చలిదేశములలో ఏటేట కురిసిన మంచు కరగక పేరుకొని, పైబరువుచే గట్టిపడి, తన బరువుతోనే పల్లమునకు మెల్లగా జరుగును. ఇదియే మంచునది. మంచు మెత్తనిది, అది రాతిని గీయలేదు. దాని యడుగున చిక్కిన రాళ్లే ఆకురాయివలె క్రింది బండను గీయుచు, అరగదీయుచు, లోయలను వెడల్పు చేయును. మా మంజీర మేటను చూడుడు: గులకరాళ్లొకచోట, ఇసుక యొకచోట, ఒండ్రు వేఱొకచోట. నీరు జల్లెడ పట్టును. మంచునకా విచక్షణ లేదు. కరగునపుడు ఏనుగంత గుండును, పిండివంటి మట్టిని ఒక్కచోటనే కుప్పవోసి పోవును.

అట్టి కలగాపులగపు పొరను 1856లో ఒరిస్సాలోని తాల్చేరు ప్రాంతమున బ్లాన్‌ఫర్డ్ సోదరులు మొదలగువారు చూచి, ఇది మంచుపని యనిరి. ఉష్ణదేశమున మంచేమని శంకించుట సహజమే. గుండ్లు ఎచ్చటనుండియైనను దొరలి రావచ్చును. పొలము తగవులో పెఱికి మోయదగిన హద్దురాతికంటె కదలని బండ సాక్ష్యము మేలని మీకు తెలియును. ఆ కదలని సాక్షి ఆదిలాబాదు పొలిమేరకు దాపున, చాందా సమీపమున, పెన్‌గంగపై నున్న ఇరాయి గ్రామమువద్ద దొరకినది. సున్నపురాతి బండపై ఒకే దిక్కుగా సాగిన గీతలు. దానిమీద తాల్చేరు పొర. అందలి గుండ్లపైనను గీతలే! భూగర్భ పరిశోధనశాఖవాడైన ఫెడ్డన్ ఈ సంగతిని 1875లో ప్రకటించెను.

ఇది సుమారు 30 కోట్ల యేండ్లనాటి మాట. అప్పుడు మన నేల ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కూడి దక్షిణధ్రువమునకు చేరువగా నుండెను. ఆ మహాఖండమునకు గోండ్వానా యని పేరు. మన ఆదిలాబాదు అడవులలోని గోండుల పేరే లోకమంతట పాఠ్యగ్రంథముల కెక్కినదన్నమాట. నాకిది మిక్కిలి ముచ్చట. మంచు కరగిన పిమ్మట పెరిగిన అడవులు పూడి బొగ్గైనవి. సింగరేణి బొగ్గుపొరలు తాల్చేరు పొరకు పైవే.

మా మనూరులో ఇట్టి గీతలు వెదుకబోకుడు. ఇచ్చటి నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లనాడు నేల చీలి పొంగిన లావా. మంచుకంటె మిక్కిలి చిన్నది.

గుండ్లమట్టి కప్పియుండుటచేతనే ఇరాయి గీతలు ఇన్ని యుగములు చెడక నిలిచినవి. కప్పు తొలగిన తావున ఎండకు, వానకు, ఏటినీటికి బండ అరుగక మానదు. ఆ యేటినీరు వార్ధాలో, ప్రాణహితలో పడి, మా మంజీరను తనలో కలుపుకొని వచ్చిన గోదావరిని కాళేశ్వరమువద్ద చేరును.